షాబెస్ అనలేని షాయె

షాయె ప్రుషాన్ నోటికి నాలుగు పేర్లు లొంగలేదు: తన పేరు, తన భార్య పేరు, తన అక్క పేరు, తాను పుట్టిన ఊరి పేరు. ఊరు ఓష్మెనె, ఆయన నోట అది ఓస్మెనె. భార్య ద్వోషె, ఆయన ఇంట్లో ఆవిడ ద్వోసె. అక్క హాషె, ఆయనకి హాసె. ఎవరైనా పేరు అడిగితే "సాయె ప్రుసాన్" అని చెప్పి, ఎదుటివాళ్ళ ముఖంలో నవ్వు పుట్టకముందే తనే నవ్వేసేవాడు.

ఇది నత్తి కాదు. పళ్ళ లోపమూ కాదు. ఒకసారి పళ్ళ డాక్టరు చేత పరీక్ష చేయించారు, ముప్పై రెండింటిలో ఇరవై తొమ్మిది ఉన్నాయి, ముందువన్నీ ఉన్నాయి. విల్నా చుట్టుపక్కల ఊళ్ళలో మా పెద్దవాళ్ళు అందరూ అలాగే మాట్లాడతారు. ష పలకవలసిన చోట స పలుకుతారు, పలికినట్టు వాళ్ళకి తెలియదు. మిగతా పోలండులోని మన యూదులకి ఇది ఎన్నిసార్లు విన్నా తనివితీరని వినోదం. పైగా రంగస్థలం మీద ఈ యాస నిషిద్ధం. రాజు అయినా, రబ్బీ అయినా, దొంగ అయినా, ఏ ఊరివాడైనా, తెర లేచాక ష ని ష అనే అనాలి.

అలాంటి మనిషి ఇరవై ఏడేళ్ళు వార్సా, లూజ్, లుబ్లిన్ వేదికల మీద ముసలివాళ్ళ వేషాలు కట్టాడు. ప్రేక్షకుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. దానికి కారణం ఒక ఎర్ర పెన్సిలు.

సంగతి 1910లో లుబ్లిన్‌లో మొదలైంది. దీని గురించి నేను భార్యాభర్తలిద్దరినీ వేరువేరుగా అడిగాను. రెండు కథనాలకీ తేడా ఒక్కచోటే: ఆయన మూడో అంకం అంటాడు, ఆవిడ రెండో అంకం అంటుంది. నాటకం ప్రతి ఆవిడ దగ్గర ఇప్పటికీ ఉంది కాబట్టి రెండో అంకమే. షాయెకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. తోళ్ళు పదును చేసే తండ్రి దగ్గరనుంచి పారిపోయి ఒక తిరుగుడు నాటక కంపెనీలో చేరాడు. ఆరడుగుల ఎత్తు, లోతైన కళ్ళు, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. వాళ్ళు ఆయనకి ఈటె పట్టుకుని నిలబడే వేషం, ఒకే ఒక్క వాక్యం ఇచ్చారు: "రాజుగారు నిద్రపోతున్నారు." మా భాషలో నిద్ర అన్న మాట ష తో మొదలవుతుంది.

ఆయన ఈటె నేలకి కొట్టి, గంభీరంగా, స తో అన్నాడు.

పై బాల్కనీలోంచి ఎవరో అరిచారు: "రాజుని లేపండయ్యా! ఈ లిట్వాక్ ఏమంటున్నాడో ఆయన్నే అడుగుదాం!" లిట్వాక్ అంటే మా ఉత్తరాదివాడు. హాలు హాలంతా నవ్వింది. రాజుగారి హత్య జరిగేదాకా నవ్వు ఆగలేదు, హత్య జరుగుతుంటే కూడా ఆగలేదు.

వేదిక ముందు అంచున నేలలో గొయ్యిలా ఉండే పెట్టెలో కూర్చుని నటులకి మాట అందించేది ప్రాంప్టర్. ఆ వారం ప్రాంప్టర్‌కి జలుబు చేసి గొంతు పోయింది. అతని బదులు పంతొమ్మిదేళ్ళ కూతురు కూర్చుంది. ఆ పిల్లే ద్వోషె. మర్నాడు అదే రెండో అంకంలో షాయె ఈటె నేలకి కొట్టి నోరు తెరిచేలోగా, పెట్టెలోంచి గుసగుస వినపడింది: "రాజుగారు విశ్రమిస్తున్నారు." విశ్రాంతి అన్న మా మాటలో ష లేదు. షాయె ఆ మాటే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళు దించి పెట్టెవైపు చూశాడు. ఏడు నెలలకి పెళ్ళయింది.

అప్పటినుంచి ఆయన చేతికి వచ్చే ప్రతి నాటకం ముందు ద్వోషె చేతికి వచ్చేది. మా లిపిలో ష పలికే మూడు కొమ్మల శీన్ అక్షరం ఎక్కడ కనపడ్డా ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టేది. తరవాత ఆ మాటకి బదులు అదే అర్థం వచ్చే, ష లేని మాట వెతికేది. "అందం" పోయి "సొగసు" వచ్చేది, "చెడ్డ" పోయి "మంచిది కాని" వచ్చేది. షాబెస్ అంటే శుక్రవారం సాయంత్రం దీపాలతో మొదలయ్యే మా విశ్రాంతి రోజు; ఆ మాటనయితే ఆయన నోటి దాకా ఎన్నడూ రానివ్వలేదు. ఆ రోజు ఆయన పాత్రలకి ఎప్పుడూ "పవిత్రమైన రోజు" అయ్యేది. ప్రేక్షకులు దాన్ని ఆయన మాటతీరులోని హుందాతనం అనుకున్నారు.

అన్నిసార్లూ ఇంత సులువుగా జరగలేదు. ఒక నాటకంలో కథానాయకుడు చెప్పులు కుట్టేవాడు. ఆ వృత్తి పేరు ష తో మొదలవుతుంది. ద్వోషె అతన్ని దర్జీని చేయబోయింది. దర్జీ కూడా ష తోనే మొదలవుతాడు. చివరికి రొట్టెలు కాల్చేవాణ్ణి చేసింది. సామాన్లవాడు సుత్తీ మేకులూ తీసేసి పిండి తొట్టె పెట్టాడు. నాటకం రాసినాయన మొదటి ప్రదర్శన చూడటానికి వచ్చి, ముగింపులో ఆ రొట్టెలవాడు కూతురి పెళ్ళికి బూట్లు ఎందుకు బహుమతిగా ఇచ్చాడో అర్థంకాక, విరామంలో ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను రాసింది చెప్పులు కుట్టేవాడి గురించి అనుకుంటా."

"మీరు రాసింది తండ్రి గురించండీ," అంది ద్వోషె. "తొట్టె మార్చాం గానీ తండ్రిని మార్చలేదు."

ఆయన నిజమే అని వెళ్ళిపోయాడట.

మాటల్లేని సినిమాల రోజుల్లో షాయె రెండింట్లో నటించాడు. అవి ఆయన జీవితంలో సెలవు దినాల్లాంటివి. నోటికి వచ్చిందల్లా స తో అనేవాడు; తెరమీద అక్షరాలు మాత్రం శుద్ధంగా పడేవి. ఆ తరవాత సినిమాకి గొంతు వచ్చింది.

1937 సెప్టెంబరు చివర, పండగలు ముగుస్తున్న వారంలో, దర్శకుడు ఇజిదోర్ హెల్‌ఫాండ్ నొవోలిపియె వీధిలో వాళ్ళ ఇంటి మూడో అంతస్తు ఎక్కి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఓపిక తక్కువ, కన్ను మాత్రం గొప్పది, పెద్దవాళ్ళ పేరుకి ముందు గౌరవంగా రెబ్ చేర్చేవాడు. చంకలో సినిమా కథ ఉంది. పదకొండేళ్ళ క్రితం కొడుకుని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, మళ్ళీ వాడి పేరు ఎత్తని తండ్రి కథ. శుక్రవారం సాయంత్రం, షాబెస్ దీపాలు వెలిగించాక, కొడుకు గుమ్మంలో వచ్చి నిలబడతాడు. ముసలాయన లేచి, "గుట్ షాబెస్" అంటాడు. గుట్ అంటే మంచి; ఆ రోజు ఎవరు ఎదురైనా అనే పలకరింపు అది. కథంతా ఆ ఒక్క మాట కోసమే నడుస్తుంది.

"రెబ్ షాయె," అన్నాడు హెల్‌ఫాండ్, "ఈ పాత్ర మీకోసమే. ఇంకెవరైనా చేస్తే అది గడ్డం పెట్టుకున్న కుర్రాడిలా ఉంటుంది."

షాయె కథ తిరగేసి, ఆ మాట దగ్గర ఆగి, భార్యవైపు చూశాడు. ద్వోషె అప్పటికే పెన్సిలు చెక్కుతోంది.

ఆయన పాత్రలో ష ఉన్న మాటలు అరవై ఒకటి. పన్నెండు రోజుల్లో ఆవిడ అరవై మార్చింది. అరవై ఒకటో మాట మార్చడానికి వీల్లేదన్నాడు హెల్‌ఫాండ్.

"పవిత్రమైన రోజు శుభాకాంక్షలా? తండ్రి కొడుకుతో అనే మాటేనా అది, చెప్పండి! వాడు పరాయివాడా, జిల్లా కలెక్టరా?"

"మాటదేముందయ్యా," అన్నాడు షాయె ధైర్యం తెచ్చుకుని. "వారానికి ఒకసారి వచ్చే మాటే కదా."

"వారానికొకసారి వస్తుంది సరే," అంది ద్వోషె. "ఇరవై ఏడేళ్ళుగా దాన్ని నీ నోటి దగ్గరికి రాకుండా కాపలా కాసిందెవరు?"

నేను ఆ స్టూడియోలో సౌండ్ రికార్డింగ్ యంత్రం దగ్గర పనిచేస్తున్నాను. విల్నాలో భౌతికశాస్త్రం చదివాను కాబట్టి, షాయె నన్ను "ప్రొఫెసరూ" అని పిలిచేవాడు. ఆ మాట కోసం ఆయనకి పాఠం చెప్పే పని నాకు పడింది. స అన్నప్పుడు గాలి సన్నని ధారగా పళ్ళ సందులోంచి వస్తుంది. నోటికి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో అరచేయి పెడితే ఒకే చోట చల్లగా తగులుతుంది. ష అన్నప్పుడు గాలి వెడల్పుగా, వెచ్చగా పరుచుకుంటుంది. ఇది కొవ్వొత్తితో కూడా చూపించాను. ఆయన శ్రద్ధగా చూశాడు, శ్రద్ధగా ఊదాడు, కొవ్వొత్తి ఆరిపోయింది.

"తేడా వినపడిందా?" అన్నాను.

"వినపడితే కదయ్యా అనడానికి! నువ్వు స అంటావు, మళ్ళీ స అంటావు, తేడా చెప్పమంటావు."

నాలుగు రోజులు సాధన చేశాం. నాలుగో రోజుకి ష వచ్చింది, కానీ పిలిచిన చోటికి రాలేదు. వీధి చివర పాల దుకాణంలో ఆయన మీగడ అడిగాడు. మా మీగడకి మొదట స ఉంటుంది, ఆయన దానికి ష పెట్టాడు.

దుకాణంలో అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏ ఊరు తాతా మనది?"

"నిన్నటిదాకా తెలుసమ్మా," అన్నాడు షాయె. "ఇవాళ ప్రొఫెసర్ని అడగాలి."

అక్టోబరు 12, మంగళవారం పొద్దున పదకొండు గంటలకి స్టూడియోలో శుక్రవారం సాయంత్రం మొదలైంది. బల్లమీద తెల్లగుడ్డ, రెండు అల్లిక రొట్టెలు, రెండు కొవ్వొత్తులు. టేకుకి టేకుకి కొవ్వొత్తి పొడుగు మారకూడదు కాబట్టి, ప్రతిసారీ పదకొండు సెంటీమీటర్లకి కోసిన కొత్తవి పెడుతున్నారు. మూలన ఉయ్యాలలో ముసలాయన మనవరాలు. ఆ పాత్రలో పడుకున్నది మా దుస్తులు కుట్టే ఆవిడ కూతురు పెర్లె, ఐదు నెలల పిల్ల.

కొడుకు వేషం వేసినవాడు గుమ్మంలో నిలబడ్డాడు. షాయె బల్ల మీద చేయి ఆనించి మెల్లగా లేచాడు. ఆ లేవడంలోనే పదకొండేళ్ళూ కనిపించాయి. ఆయన నోరు తెరిచాడు.

"గుట్ సాబెష్," అన్నాడు.

ముందుదీ వెనకదీ చక్కగా చోటు మార్చుకున్నాయి. గుమ్మంలో ఉన్న కొడుకు గోడవైపు తిరిగి భుజాలు కదుపుతూ నవ్వాడు. హెల్‌ఫాండ్ చేతిలో టీ గ్లాసు కిందపడి పగిలింది. రెండో టేకులో "షాబెష్" అన్నాడు. మూడోసారి "సాబెస్". ఎనిమిది టేకుల్లో నాలుగు రకాలకి మూడు వచ్చాయి. కావలసిన నాలుగోది రాలేదు. పదహారు కొవ్వొత్తులు ఖర్చయ్యాయి.

హెల్‌ఫాండ్ కుర్చీలో కూలబడి, తల పట్టుకుని అన్నాడు: "రెబ్ షాయె, మీ ముఖం వదులుకోలేను. గొంతు వేరేవాళ్ళతో పెట్టిస్తాను."

"ఆ ఒక్క మాటకేనా?"

"ఒక్క మాటకి ఇంకొకరి గొంతు పెడితే తెలిసిపోతుంది. పెడితే పాత్రంతా పెట్టాలి. గురువారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తరవాత వాక్స్ వస్తాడు."

నఫ్తోలి వాక్స్ వార్సాలో పుట్టిన నటుడు, షాయెతో పాటు ముసలి వేషాలకి పోటీ. గొంతు బాగుంటుంది, ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతాడు. గొంతు ఎక్కడ సరిపోతుందో చూసుకోవడానికి ఆ మధ్యాహ్నమే గొంతుకి పట్టు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు.

"బెంగ పెట్టుకోకు సాయె," అన్నాడు, స ని సాగదీస్తూ. "నీ గడ్డానికి నా గొంతు బాగానే అతుకుతుంది."

"గడ్డమయితే జిగురుతో అతుకుతుంది నఫ్తోలీ. గొంతు దేనితో అతికిస్తారో కనుక్కున్నావా? మింగేప్పుడు జాగ్రత్త."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. షాయె కూడా నవ్వాడు. వాక్స్ వెళ్ళాక మాత్రం నా యంత్రం పక్కన పెట్టె మీద కూర్చుని, గడ్డంలోని జిగురు గిల్లుకున్నాడు.

"ఓస్మెనెలో మా హాసె అక్క ఉంది, ప్రొఫెసరూ," అన్నాడు చివరికి. "అరవై ఎనిమిదేళ్ళు. నేను ఇంట్లోంచి పారిపోయాక నన్ను నాటకంలో చూడలేదు; మా కంపెనీ అటు ఎన్నడూ పోలేదు. సినిమా అటు పోతుంది. ఇన్నాళ్ళకి నన్ను చూస్తుంది. చూసేసరికి నేను నోరు తెరిస్తే లోపల్నించి వాక్స్ మాట్లాడతాడు. మా అక్క నేను చచ్చిపోయి నా చొక్కా ఎవరో తొడుక్కున్నారనుకుంటుంది."

అప్పుడే ఉయ్యాలలో పెర్లె లేచి ఏడుపు అందుకుంది. తల్లి పక్క గదిలో ఉంది. షాయె లేచివెళ్ళి పిల్లని తీసి భుజాన వేసుకుని, అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. మైకు ఇంకా బల్ల పైనే వేలాడుతోంది. తీగ సరిచూస్తున్నాను కాబట్టి హెడ్‌ఫోన్లు నా చెవులకే ఉన్నాయి.

"ష్ష్ష్," అన్నాడు షాయె పిల్లతో. "ష్ష్ష్... ష్ష్ష్..."

వెడల్పయిన, వెచ్చని, ఏ లోపమూ లేని ష.

యంత్రంలో ఎందుకూ పనికిరాని పద్నాలుగు మీటర్ల ఫిల్ము ముక్క మిగిలి ఉంది. మీట నొక్కాను. ఆయన నడుస్తూనే ఉన్నాడు, పిల్లని సముదాయిస్తూనే ఉన్నాడు, ముక్క అయిపోయింది. ఆయనకి నేనేమీ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నానికి ముక్క కడిగి ఆరబెట్టారు. దాన్నీ, మంగళవారం టేకుల్లోంచి ఒక ముక్కనీ, ఒక భూతద్దాన్నీ తీసుకుని నొవోలిపియెలో మూడంతస్తులు ఎక్కాను. షాయె టీకి బయటికి వెళ్ళాడు. ద్వోషె వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. చేతులు తుడుచుకుని, ఫిల్ము కిటికీకి ఎత్తి పట్టుకుంది. సినిమా ఫిల్ము అంచున శబ్దం గీతలుగా పడుతుంది.

"ఇదేమిటి నాయనా, చీమల బారా?"

"ఇది మంగళవారం అన్న స, వదినగారూ. గీతలు ఎంత సన్నమో చూడండి, అద్దం తీసేస్తే బూడిద మరకలా ఉంటుంది. ఇప్పుడు ఇది చూడండి. గీతలు లావు, దూరం దూరం. ఇది ష."

"ఎవరిది? వాక్స్‌దా?"

"రెబ్ షాయెది. పెర్లెని ఊరుకోబెడుతున్నప్పటిది."

ద్వోషె అద్దం దించలేదు. ఒక ముక్క చూసి, రెండో ముక్క చూసి, మళ్ళీ మొదటిది చూసింది. నాటకాల్లో శీన్‌లు వెతికిన కళ్ళు కాబట్టి నేను చెప్పేలోగానే తనంతట తాను ఇంకో రెండు చోట్ల ష పట్టుకుంది.

"అంటే ఈ మనిషికి ష వచ్చు."

"వచ్చు. మాటలో రాదు. ఊరుకోబెట్టడం మాట అని ఆయనకి తెలియదు కాబట్టి వస్తోంది."

"ఇరవై ఏడేళ్ళు!" అంది ద్వోషె. "ముగ్గురు పిల్లల్ని జోకొట్టాడయ్యా ఈయన! ఆ గదిలో ష్ష్ ష్ష్ అంటూ ఆయన తిరుగుతుంటే, ఈ గదిలో నేను పెన్సిళ్ళు చెక్కుకుంటూ కూచున్నాను!" ఉల్లిపాయల వల్లనో ఎందువల్లనో కళ్ళు తుడుచుకుని, పకపకా నవ్వింది. తరవాత ఒక్కసారిగా ఆపింది. "ఆయనకి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చెబితే రేపు పిల్లని కూడా స్స్ స్స్ అంటాడు."

గురువారం పొద్దున ఏడున్నరకి ఆవిడ స్టూడియోలో ఉంది. హెల్‌ఫాండ్ కోటు విప్పకముందే సినిమా కథ ఆయన ముందు పెట్టింది. చివరి సన్నివేశంలో గుట్ అన్న ఒక్క మాట కొట్టేసి, ఉయ్యాల దగ్గరనుంచి బల్ల దాకా ఒక బాణం గీసి ఉంది. ఎర్ర పెన్సిలే.

"రచన మార్చడానికి మీరెవరండీ?" అన్నాడు హెల్‌ఫాండ్.

"ప్రాంప్టర్‌ని."

"ఇది నాటకం కాదమ్మా."

"కాదని నాకూ తెలుసు. కానీ బాబూ, ఒక్క సంగతి చెప్పు. పదకొండేళ్ళకి కొడుకొచ్చాడు. గుమ్మంలో నిలబడి క్షమించమని వలవలా ఏడుస్తున్నాడు. తండ్రి ఏమంటాడు? వీధిలో పొరుగువాడు ఎదురైతే అన్నట్టు, మర్యాదగా, గుట్ షాబెస్ అంటాడా? ఏ తండ్రి అంటాడు? చేతిలో చంటిది నిద్రపోతోంది. బల్లమీద దీపాలు వెలుగుతున్నాయి. ఇవాళ ఎవరూ ఏడవకూడని రోజు. వాణ్ణి ఊరుకోమంటాడు. ఊరుకోరా, షాబెస్. అంతే."

హెల్‌ఫాండ్ ఆ బాణం మీద వేలు పెట్టి చివరిదాకా నడిపాడు. ఆయనకి ఆ పూట ఆవిడ షాయె గొంతు కాపాడటానికి వచ్చిందని తెలుసు. అయినా ఆవిడ చెప్పింది నిజమనీ తెలుసు.

"రెండు టేకులకి ఫిల్ము ఉంది," అన్నాడు. "నాలుగు కొవ్వొత్తులు కోయించండి."

గడ్డం అతికించుకుని వచ్చిన షాయెకి ద్వోషె నాలుగు మాటల్లో చెప్పింది: "పిల్లని ఎత్తుకుని ఉండు. వాడు ఏడుపు మొదలెట్టగానే వాణ్ణీ దీన్నీ కలిపి ఊరుకోబెట్టు. ఊరుకోబెడుతూనే, మధ్యలో ఊపిరి తెంపకుండా, అబెస్ అనేయి."

"అబెస్సా? ముందరిది ఏమయింది?"

"ముందరిది నాకొదిలెయ్."

"నువ్వెక్కడుంటావే?"

"ఎక్కడుంటాను? నేల్లోనే."

నలభై ఆరేళ్ళ మనిషి గౌను చేత్తో పట్టుకుని బల్ల కిందికి దూరింది. తెల్లగుడ్డ అంచు కొంచెం ఎత్తి పెట్టుకుంది. అటువైపునుంచి కెమెరాకి కనపడదు, షాయె కళ్ళు దించితే ఆయనకి కనపడుతుంది. వాక్స్ మఫ్లరు చుట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

మొదటి టేకు. కొడుకు గుమ్మంలో నిలబడి, "నాన్నా, నన్ను..." అని ఏడ్చాడు. షాయె పిల్లని గుండెకి పొదువుకుని, "ష్ష్ష్," అన్నాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. "సాబెస్," అన్నాడు.

వాక్స్ నా వెనక సన్నగా దగ్గి గొంతు సవరించుకున్నాడు.

కొత్త కొవ్వొత్తులు పెట్టారు. స్కేలుతో కొలిచారు. రెండో టేకు. కొడుకు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి "నాన్నా" అన్న కేక గట్టిగా పడిందేమో, పెర్లె నిజంగానే ఉలిక్కిపడి లేచింది. మూతి ముడిచింది. షాయె ఒక్కక్షణం తాను నటుడన్న సంగతి మరిచాడనుకుంటాను; కంగారుగా కళ్ళు దించాడు. బల్ల కింద ద్వోషె పెదవుల మీద వేలు పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"ష్ష్ష్," అన్నాడు షాయె. పిల్లతో అన్నాడు, కొడుకుతో అన్నాడు. ఆ ఊపిరి తెగలేదు. అలాగే సాగి, మెత్తబడి, అడుగున గొంతు కలిసింది. "ష్ష్షాబెస్."

హెల్‌ఫాండ్ "కట్" అనడం మరిచిపోయాడు. పెర్లె మూతి సరిచేసుకుని మళ్ళీ పడుకుంది. కొడుకు వేషం వేసినవాడు తన తరవాతి వాక్యం అనలేదు. అనవలసిన అవసరం ఎవరికీ కనపడలేదు. ఫిల్ము అయిపోయి యంత్రం టకటకా కొట్టుకునేదాకా అందరం అలాగే ఉన్నాం. తరవాత కొలిస్తే ఆ మొదటి అక్షరం ముప్పై నాలుగు ఫ్రేములు వచ్చింది, అంటే ఒక సెకను దాటి ఇంకో సెకనులో దాదాపు సగం. సినిమాల్లో అంత పొడుగు ష నాకు తెలిసి ఇంకోటి లేదు.

"వచ్చిందా?" అన్నాడు షాయె నావైపు తిరిగి. తేడా ఆయనకి ఇప్పటికీ వినపడదు.

హెడ్‌ఫోన్లు తీసి, తల ఊపాను. వాక్స్ మఫ్లరు విప్పాడు. ఆయన గురించి ఒకటి చెప్పాలి: ముందుగా చప్పట్లు కొట్టింది ఆయనే. "బల్ల కింద ఎవరున్నారో నాకూ చూపించండయ్యా," అన్నాడు. "నాకు పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది, మా ఆవిడ ఎప్పుడూ బల్ల మీద చేయి వేసి కొట్టడమే గానీ కిందికి దూరలేదు."

జనవరిలో సినిమా వార్సాలో విడుదలైంది. ఆ చూపు కిందికి దించి ఆ ఒక్క మాట అనడంలో నటుడి ముప్పై ఏళ్ళ తపస్సు ఉందని ఒక పత్రిక రాసింది. ద్వోషె ఆ ముక్క కత్తిరించి వంటింట్లో అంటించింది, "ముప్పై" మీద ఎర్ర గీత పెట్టి "ఇరవై ఏడు" అని దిద్దింది.

జనవరి 16, ఆదివారం, విల్నాలో పగటి ఆట. భార్యాభర్తలు వెళ్ళారు, సొంత ఊరు కాబట్టి నేనూ వెళ్ళాను. ఓష్మెనె నుంచి యాభై కిలోమీటర్లు మంచులో ఒక బస్సు వచ్చింది. అందులోంచి ముప్పై ఒక్కమంది దిగారు. వాళ్ళలో హాషె అక్క ఒకతె. చిన్న మనిషి, రెండు శాలువలు, చేతిలో గసగసాల రొట్టె మూట. ముందు వరసలో కూర్చుంది. తమ్ముడు తెరమీద కనపడగానే పక్కావిడని మోచేత్తో పొడిచింది. తమ్ముడు నోరు తెరిచి మొదటి వాక్యం అనగానే శాలువ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆట సగానికి వచ్చేదాకా తీయలేదు. చివరి సన్నివేశంలో ముసలాయన పిల్లని ఎత్తుకుని, కళ్ళు దించి, ఆ మాట అన్నప్పుడు హాలంతా ముక్కులు చీదుకుంది. ఆవిడ మాత్రం కనుబొమలు ముడిచింది.

లైట్లు వెలిగాయి. షాయె వేదిక ఎక్కి వంగి నమస్కరించాడు. చప్పట్లు తగ్గీ తగ్గగానే ముందు వరసలోంచి హాషె అక్క లేచి నిలబడింది.

"ఒరే సాయె!"

తలలన్నీ అటు తిరిగాయి.

"ముఖం నీదేరా. గొంతూ నీదే, మన నాన్న గొంతు. ఇన్నాళ్ళకి విన్నాను, సంతోసం. కానీ ఆకర్న ఆ ఒక్క మాట అన్నావు సూడు, అది ఎవరిదిరా?"

ముసలివాళ్ళందరూ ఘొల్లున నవ్వారు, ఓష్మెనె వాళ్ళయితే బెంచీలు చరిచారు. వేదిక మీద నిలబడి అంతమంది ముందు తన సొంత యాసలో మాట్లాడవలసి రావడం షాయెకి లుబ్లిన్ తరవాత అదే మొదటిసారి. అలవాటుకొద్దీ కళ్ళు వేదిక అంచున ప్రాంప్టర్ పెట్టె కోసం వెతికాయి. అక్కడ పెట్టె లేదు. నాలుగో వరసలో, నా పక్కన, ద్వోషె పెదవులు బిగించి కూర్చుని ఉంది. ఏమీ అందించలేదు.

"అదా, అక్కా?" అన్నాడు షాయె. "అది మా ద్వోసెది."